అల్లుడి కొట్లో కొన్న ఆట

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలు, రెండు వైపులా. కుదించి చెబుతున్నాను.

ఆమెకి ముప్పై ఏడేళ్ళు. భర్త ఉద్యోగం పాతపట్నంలో. రోజూ పొద్దున్న బండి మీద రాష్ట్రం దాటి వెళ్ళి, సాయంత్రం రాష్ట్రం దాటి ఇంటికొస్తారు. ఇంట్లో అత్తగారు, మావగారు, పదేళ్ళ కొడుకు, ఏడేళ్ళ కూతురు. మావగారు రైల్వేలో రిటైరయ్యారు. నౌపడా–గుణుపూర్ లైను మీద చిన్నరైలు నడిచిన రోజుల్లో పనిచేసిన మనిషి. పిల్లలకి బడిలో ఇంగ్లీషు, ఒడియా. వీధిలో ఒడియా. తెలుగు ఇంట్లోనే, అదీ అన్నం దగ్గర నాలుగు ముక్కలు. మనవడికీ తాతగారికీ మధ్య మాటలు తగ్గిపోతున్నాయని ఈమెకి బెంగ. ఫోన్లో వీడియోలు చూస్తుంటే టికెట్ టు రైడ్ అనే బోర్డు గేమ్ కనబడింది. రంగు కార్డులు కూడబెట్టి, పటం మీద ఊరికీ ఊరికీ మధ్య ప్లాస్టిక్ రైలుపెట్టెలు పేర్చే ఆట. రైళ్ళ ఆట కదా, మావగారు కూర్చుంటారని ఆశ పడ్డారు.

ఆడపడుచు భర్తకి బజార్లో కొట్టుంది. బొమ్మలు, స్టేషనరీ, గిఫ్టు సామాన్లు అమ్ముతారు. ఆయన్ని కాదని ఆన్‌లైన్లో కొంటే బాగోదని ఆయన్నే తెప్పించమన్నారు. పది రోజుల్లో వచ్చింది. 2,600 రూపాయలు. బిల్లు అడగబోతే "ఇంట్లోవాళ్ళకి బిల్లేంటి చెల్లెమ్మా" అన్నారట. ఈమె ఫోన్లో డబ్బు పంపేశారు.

ఆట అనుకున్నదానికన్నా బాగా పట్టింది. ఆదివారం సాయంత్రం టీ తాగగానే మావగారు "డ్యూటీ ఎక్కుతున్నా" అంటూ వచ్చి చాప మీద కూర్చునేవారట. చిన్నరైలు ఎక్కడెక్కడ ఆగేదో, వానాకాలంలో ఎలా ఈడ్చుకుంటూ వచ్చేదో మనవడు అడగడం, ఆయన చెప్పడం, అంతా తెలుగులో. నాలుగు ఆదివారాలు అలా గడిచాయి. ఆ తర్వాత వరసగా మూడు వారాలు పిల్లాడే గెలిచాడు. ఏ రంగు కార్డుకి బదులైనా చెల్లే ఇంజను కార్డులన్నీ వాడి చేతికే వెళ్తున్నాయి. మూడో వారం మావగారు కార్డుల కట్టని ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని చూశారు. ఇంజను కార్డుల వెనకవైపు రంగు మిగతా కార్డులకన్నా ఒక్క పిసరు వెలిసినట్టుంది. పిల్లాడిని అడిగితే "నాకెప్పుడో తెలుసు" అన్నాడు. ఆయన కార్డులు చాప మీద పెట్టి, "గుర్తులున్న పేకతో నేనాడను" అని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ కూర్చోలేదు.

అప్పుడు చూసుకుంటే ఇంకా బయటపడ్డాయి. రూల్స్ పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. బోర్డు మడత దగ్గర పైకి లేస్తోంది. ఆకుపచ్చ రైలుపెట్టెలు 43 ఉన్నాయి. కొట్టాయనకి ఒక భోజనాల దగ్గర ఈ మాట చెబితే "డబ్బా తెరిచేశారుగా, కంపెనీవాళ్ళు తీసుకోరు" అని నవ్వేశారు. భర్త వదిలేయమంటున్నారు. అత్తగారు "రెండువేల ఆరొందల కోసం ఇంటల్లుడిని నిలదీస్తావా? అసలు ఇంట్లో ఈ జూదం వద్దని నేను మొదటే చెప్పాను" అన్నారు. రోజూ ఫోన్ చేసే ఆడపడుచు రెండు వారాలుగా చెయ్యడం లేదు.

ఈమె అడుగుతున్నవి మూడు. డబ్బు అడగాలా, మానాలా? పిల్లాడు చేసింది మోసమేనా? మావగారిని మళ్ళీ ఆ చాప మీదికి తేవడం ఎలా?

అమ్మా, మీ ఉత్తరంలో డబ్బు గురించి రాసింది ఒక పేజీ. మావగారు లేచి వెళ్ళిన సాయంత్రం గురించి రెండు పేజీలు. అందులో ఆయన టీ గ్లాసు అక్కడే ఉండిపోయిందని కూడా రాశారు. మీ మనసు ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది. అయినా డబ్బు సంగతే ముందు చూద్దాం. అది తేలకుండా మిగతావి తేలవు.

మీరు కొన్నది డూప్లికేటేనా? నా అనుమానం కూడా అదే. ఈ ఆట 2004లో వచ్చింది, ఆలన్ మూన్ అనే ఆయన తయారుచేశాడు. అదే ఏడాది జర్మనీలో ఏటా ఇచ్చే పెద్ద బహుమతి కూడా దీనికి వచ్చింది. అంత పేరున్న ఆటలకి డూప్లికేట్లు పుట్టడం మామూలు. అసలు పెట్టెలో ఒక్కో రంగుకి 45 రైలుపెట్టెలు, పైన మూడు స్పేరు ఉంటాయి. అయిదు రంగులకి కలిపి 240. మీ ఆకుపచ్చలో అయిదు తగ్గాయి. రైలు కార్డులు 110 ఉండాలి. ఎనిమిది రంగులు, రంగుకి 12 చొప్పున 96, ఇంజన్లు 14. మీరు అవి లెక్కపెట్టినట్టు రాయలేదు, పెట్టండి. ధర కూడా చూడండి, అసలుది మామూలుగా ఇంతకన్నా ఎక్కువే పలుకుతుంది. ఒకటి తగ్గినా, ఒక కార్డు ముద్రణ తేడా వచ్చినా ఫ్యాక్టరీ పొరపాటు అనుకోవచ్చు, అసలు పెట్టెల్లోనూ అలాంటివి జరుగుతాయి. అలుక్కుపోయిన అక్షరాలు, లేచిన బోర్డు, వెలిసిన ఇంజన్లు, తగ్గిన పెట్టెలు, అన్నీ ఒకే డబ్బాలో చేరితే మాత్రం అనుమానించక తప్పదు.

ఆ వెలిసిన రంగు వల్ల ఆట ఎంత చెడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీవారు దాన్ని చిన్న విషయం అనుకుంటున్నారు. వంతుకి మామూలుగా రెండు కార్డులు తీసుకోవచ్చు. బయటికి కనబడే అయిదు కార్డుల్లోంచి ఇంజను తీసుకుంటే ఆ వంతుకి అదొక్కటే. కట్ట పైనుంచి చూడకుండా తీసినప్పుడు ఇంజను తగిలితే, అదృష్టం, ఇంకో కార్డు కూడా తీసుకోవచ్చు. మీవాడికి కట్ట మీద ఉన్నది ఇంజనో కాదో ముందే తెలుసు. అంటే మిగతావాళ్ళు అదృష్టం మీద ఆడుతుంటే వాడు చూసి ఆడుతున్నాడు. 110లో 14 కార్డులు వెనకనుంచే పోల్చుకోగలిగితే అది ఇక ఆ ఆట కాదు. ఈ లెక్కన మీ మావగారి కోపం న్యాయమైనదే.

ఇప్పుడు కొట్టు సంగతి. నేనూ ఇందులో దెబ్బ తిన్నదాన్నే. పెళ్ళయిన కొత్తలో మా మేనమామ స్నేహితుడి కొట్లో క్యారమ్ బోర్డు కొన్నాం. బోరిక్ పౌడరు ఎంత చల్లినా స్ట్రైకరు వెళ్ళి వెళ్ళి ఒకే మూలకి చేరేది. ప్లైవుడ్డు ఒంపు తిరిగింది. అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి, ఒక కాలి కింద అట్టముక్క దోపి చూశాం. ఆయన పెళ్ళిళ్ళలో కనబడ్డప్పుడల్లా "బోర్డెలా ఉందమ్మా?" అనేవారు. నేను "బ్రహ్మాండం బాబాయ్" అనేదాన్ని. ఆరేళ్ళు అన్నాను. నా 'బ్రహ్మాండం' చెప్పి ఆయన మా చుట్టాల్లో ఇంకో ముగ్గురికి అదే సరుకు అమ్మారని తర్వాత తెలిసింది.

మనవాళ్ళ కొట్లో కొంటే మనకి జరిగేది ఇదే. బయట కొట్టయితే బిల్లు ఉంటుంది, నచ్చకపోతే అడిగే నోరూ ఉంటుంది. అయినవాళ్ళ దగ్గర ఆ రెండూ ముందే వదిలేసి డబ్బిస్తాం. తక్కువకి ఇచ్చారని మురిసిపోతాం కూడా.

మీ ముందున్న దారులు చెబుతాను. ఏది ఎంచుకున్నా కొంత ఖర్చు ఉంది.

మొదటిది వదిలేయడం. మీవారు చెప్పేది అదే, అత్తగారికీ అదే కావాలి. 2,600 మీకు మరీ భారం కాదంటే తప్పు పట్టను. కానీ మీరు నిజంగా వదిలేయగలరా? భోజనాల దగ్గర ఆయన నవ్వారని రెండుసార్లు రాశారు. అలా మనసులో పెట్టుకున్నది వచ్చే దసరాకి ఇంకో చోట, ఇంకో మాటగా బయటికొస్తుంది. అప్పుడు అది చీర మీదో, పిల్లల మార్కుల మీదో పోతుంది. వదిలేస్తే పూర్తిగా వదిలేయండి. అలా చెయ్యలేననుకుంటే అడగడమే మేలు.

రెండోది అడగడం. మీరు ఒకసారి అడిగారు కదా అంటారేమో. మీరు అడిగింది భోజనాల దగ్గర, అత్తగారు వడ్డిస్తుండగా, పదిమందిలో. అక్కడ ఆయన ఇంటల్లుడు. అల్లుడు ఆ చోట నవ్వక ఇంకేం చేస్తాడు? కొట్లో కూర్చున్నప్పుడు ఆయన వ్యాపారి, బేరం లేని మధ్యాహ్నం మూడింటికి వెళితే ఇంకా మంచి వ్యాపారి. మీరే వెళ్ళండి. మీవారిని పంపితే బావా బావమరుదుల వ్యవహారం అయిపోతుంది. అత్తగారి ద్వారా అయితే అసలే వద్దు. వెళ్ళేముందు మీ ఆడపడుచుకి ఫోన్ చేసి, "రేపు కొట్టుకి వెళ్ళి ఆ ఆట చూపిస్తాను వదినా, నీకు చెప్పకుండా వెళ్ళానని అనుకోకూడదు" అనండి. ఆవిడ రెండు వారాలుగా ఎదురుచూస్తున్నది ఆ ఫోన్ కోసమే అయ్యుండొచ్చు. తన భర్తని మోసగాడన్నారేమో అని ఆవిడ బాధ. అందుకే డూప్లికేటు అనే మాట మీ నోట రానివ్వకండి. డబ్బా తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టి, కార్డులు బోర్లించి, దీపం కింద వాలుగా పట్టుకుని చూపించండి. ఆయనే అంటారు ఆ మాట.

ఆయన తెలిసి చేశారని నేననుకోను. ఆ కొట్లో పోయేవి లూడో, క్యారమ్, బిజినెస్. ఇంత ఖరీదైన డబ్బా ఆయన ఎప్పుడూ విప్పి చూసి ఉండరు. ఎక్కడో హోల్‌సేల్లోనో, ఆన్‌లైన్లోనో తెప్పించి మీకిచ్చారు. తనకి తెలియని సరుకు గురించి అడిగితే కొట్టువాళ్ళు నవ్వుతారు, అదొక అలవాటు. మీరు నాలుగు ఫొటోలు తీసివ్వండి: కార్డుల వెనకవైపు, రూల్స్ పుస్తకం పేజీ, బోర్డు మడత, ఆకుపచ్చ పెట్టెలు పది చొప్పున వరసగా పేర్చి. ఆయన తనకి అమ్మినవాడిని అడగడానికి అవి పనికొస్తాయి. అప్పుడు మీరిద్దరూ ఒకే వైపు నిలబడతారు.

ఏం అడగాలి? అసలు పెట్టె తెప్పించి, తేడా డబ్బు తీసుకోమనొచ్చు. డబ్బు వెనక్కి ఇమ్మనొచ్చు, అది ఆయనకి గల్లాలోంచి తియ్యాలి కాబట్టి కష్టంగా ఉంటుంది. లేదా బడి తెరిచేటప్పుడు పిల్లల నోటుపుస్తకాలు, అట్టలు ఆయన దగ్గరే కొంటారు కదా, అందులో తగ్గించుకుందాం అనొచ్చు. మూడోది అందరికీ మర్యాదగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే మళ్ళీ బిల్లు లేని లెక్కలో పడతారు. అందుకని చిన్న కాగితం మీద రాసి ఆయన చేతే సంతకం పెట్టించుకోండి. నవ్వుతూనే పెట్టించుకోవచ్చు.

మూడో దారి ఫిర్యాదు. తెలిసి ఉండాలని చెబుతున్నాను, వెళ్ళమని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన సరుకుకి బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి కింద వస్తుంది. బిల్లు మీద గడువు రాయనప్పుడు, లోపం ఉన్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనన్నా అంతే. మీకు ఆ 30 రోజులు దాటాయి. అంతమాత్రాన దారి మూసుకుపోదు, ఫిర్యాదుకి రెండేళ్ళ గడువుంది. బిల్లు లేకపోయినా ఫోన్లో డబ్బు పంపిన రికార్డు ఉంటుంది, దాన్ని చెరిపేయకండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లో అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. చట్టం ఇంత సులువు చేసింది. ఆ నోటీసు అందిన సాయంత్రం మీ ఇంట్లో అన్నాలు ఎలా తింటారో మాత్రం చట్టానికి తెలియదు. తెలియని కొట్టయితే నేనే వెళ్ళమనేదాన్ని. ఇక్కడ మీరు ఆడపడుచుని పోగొట్టుకుంటారు, బహుశా మీవారితో ఆర్నెల్లు మాటా పోతుంది. తెలిసి వెళ్తానంటే మీ ఇష్టం.

ఆ డబ్బా ఇంకెవరికైనా అమ్మేయడమో, పుట్టినరోజుకి బహుమతిగా ఇవ్వడమో మాత్రం చెయ్యకండి. అలాంటి ఆలోచన ఉందని మీరు రాయలేదు, కానీ మనుషులం కదా, వస్తుంది.

పిల్లాడి సంగతికి వస్తాను. కార్డుల్లో తేడా కనిపెట్టడం మోసం కాదు. పదేళ్ళవాడు అంత గమనించాడంటే నేను ముచ్చటపడతాను. తెలిశాక మూడు వారాలు నోరు మూసుకుని గెలవడం మోసమే. కానీ అడగగానే ఒప్పుకున్నాడు, "నాకెప్పుడో తెలుసు" అన్నాడు. అందులో కొంచెం గర్వం కూడా ఉందనుకుంటాను. గట్టిగా తిడితే వాడు నేర్చుకునేది రెండోసారి ఒప్పుకోకూడదని. నవ్వి ఊరుకుంటే మావగారిని మళ్ళీ అవమానించినట్టు. మా అమ్మమ్మ అష్టాచెమ్మా ఆడేటప్పుడు నాలుగు గవ్వల్లో ఒకటి అరిగి ఎప్పుడూ వెల్లకిలే పడేది. మా అన్నయ్య అది పసిగట్టి, చెయ్యి తిప్పుడులో ఏదో చేసి చెమ్మాలు వేసేసేవాడు. అమ్మమ్మ వాడినేమీ అనలేదు. గవ్వలు తీసి పక్కన పెట్టి, చింతపిక్కలు వాడి చేతికిచ్చి, సగానికి అరగదీసి నాలుగు సమానంగా చేసుకు రమ్మంది. అరుగు మీద రాయి పెట్టి గంటసేపు అరగదీశాడు. ఆ పిక్కలతో వాడే ఓడిపోయాడు.

మీవాడికీ ఆ పని ఇవ్వండి. కార్డులకి వేసే ప్లాస్టిక్ కవర్లు దొరుకుతాయి, స్లీవ్స్ అంటారు. వెనకవైపు ఒకే రంగు ఉన్నవి తొడిగితే ఏది ఇంజనో ఎవరికీ తెలియదు. 110 కార్డులకీ వాడే తొడగాలి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి దారి వెయ్యాలో చెప్పే టికెట్ కార్డులు 30 వేరే కట్ట, వాటికి అక్కర్లేదు. తగ్గిన ఆకుపచ్చ పెట్టెల కోసం తలపట్టుకోవద్దు. మీరు నలుగురు ఆడితే ఒక రంగు ఎలాగూ మిగిలిపోతుంది, ఆకుపచ్చని పక్కన పెట్టేయండి. కొట్లో ఏం తేలినా తేలకపోయినా ఈ డబ్బా ఆడటానికి పనికొస్తుంది. అయితే కొట్టుకి వెళ్ళొచ్చాకే కవర్లు తొడిగించండి, ముందే తొడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

మావగారి విషయంలో మాత్రం నేను మీకన్నా తక్కువ బెంగ పడుతున్నాను. ఆయన ఓడిపోయినందుకు లేవలేదు. జన్మంతా లెక్క తప్పకుండా పనిచేసిన మనిషి మూడు వారాలు మనవడి చేతిలో మోసపోయానని ఇంట్లో అందరి ముందు తెలిసింది, చిన్నతనం అనిపించింది. ఆయన్ని బతిమాలకండి. కవర్లు తొడిగాక పిల్లాడే ఆ కట్ట పట్టుకెళ్ళి, "తాతా, చెక్ చేసి పాస్ చెయ్యి" అనాలి. ట్యూబ్‌లైటు కింద ఆయన మళ్ళీ వాలుగా పట్టుకుని చూస్తారు. చూడకుండా ఉండలేరు. చూశాక కూర్చుంటారో లేదో ఆయన ఇష్టం, కట్ట మాత్రం ఆయన చేతిలోంచి వస్తుంది.

ఈలోపు ఆదివారాలు ఖాళీగా పోనివ్వకండి. నేల మీద సుద్దముక్కతో పులిజూదం గీయమని ఆయన్నే అడగండి. మూడు పులులు, పదిహేను మేకలు. అన్నీ ఎదురుగా కనబడతాయి, దాచడానికేం ఉండదు. చింతపిక్కలు, చిన్న గులకరాళ్ళు చాలు, ఏ కొట్టుకీ వెళ్ళక్కర్లేదు. ఇద్దరే ఆడగలరు కాబట్టి చిన్నమ్మాయి అలుగుతుంది, దాన్ని తాతగారి వైపు మేకలు కాయమనండి. నన్నడిగితే ఏ ఆటయినా పరవాలేదు. మీరు కొన్నది ఆ నోటి నుంచి ఈ నోటికి నాలుగు తెలుగు మాటలు. వాడుక తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోట్లాడిన ఊరు మీది. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన వదిలి వెళ్ళిపోయారు. మీరంతా ఉండిపోయారు, మీ పిల్లల తెలుగు చాప మీద ఆటల్లో బతికితే బతకనివ్వండి.

అత్తగారి జూదం మాటకి జవాబు చెప్పకండి. కుమార పూర్ణిమ రాత్రి మీ వీధిలో ఒడియావాళ్ళు పేకలు, పాచికలు ఆడుతుంటే ఆవిడా చూసి నవ్వే ఉంటారు. పందెం లేనిది జూదం కాదని ఆవిడకీ తెలుసు. ఆవిడ కోపం ఆట మీద కాదు, కూతురి కాపురంలోకి ఈ మాట వెళ్తుందేమోనని. ఆడపడుచు మళ్ళీ రోజూ ఫోన్ చేయడం మొదలెడితే ఆ కోపం ఉండదు.

ఇంకొకటి. ఈ ఆటకి ఇండియా పటం కూడా వేరేగా వచ్చింది, 2011లో. మావగారి కోసం అది కొనాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. దానికి అసలు పెట్టెలోని రైళ్ళు, కార్డులు కావాలి, అదొక్కటే కొంటే ఆడలేరు. ఇది తేలేదాకా ఆగండి. కవర్లు కొనేముందు కార్డు పొడవు, వెడల్పు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి, ఈ కార్డులు మామూలు పేకముక్కలకన్నా చిన్నవి. రెండువైపులా లోపలిది కనబడే పారదర్శకపు కవర్లు తెస్తే వెలిసిన ఇంజన్లు వాటిలోంచి కూడా కనబడతాయి. ఈసారి బిల్లు తీసుకోండి, అల్లుడిగారి కొట్లో అయినా సరే.